జారలేదు, తోశారు

ఆ ఇంట్లో ముందు తలుపులు పోయాయి, తర్వాత ప్రాణం పోయింది. వరస తప్పకుండా చెబుతాను, వినండి.

జర్మనీలో జనవరి నెల. డార్మ్‌స్టాట్‌లో రైలు కట్ట పక్క వీధిలో ఓ పాత మేడ. రాజ్యశ్రీ పొద్దున్నే మొహం కడుక్కుని వచ్చేసరికి తన గదికి తలుపు లేదు. ఇద్దరు దుక్కల్లాంటి మనుషులు దాన్ని మెట్ల మీంచి కిందికి మోసుకుపోతున్నారు. మూడోవాడు, బట్టతలవాడు, పక్క గది తలుపును కింది నుంచి ఎత్తి బందుల్లోంచి ఊడబీకుతున్నాడు. లోపల అక్షయ దుప్పటి మెడదాకా లాక్కుని మంచం మీద ముడుచుకుని కూర్చుంది. వాడు ఆ పిల్లవైపే చూసి నవ్వుతూ పీకుతున్నాడు.

ఎవరు మీరని రాజ్యశ్రీ తనకొచ్చిన జర్మన్‌లో అడిగింది. రిపేరుకి తీసుకుపోతున్నాం, ఓనరు చెప్పాడు అన్నారు. బాత్రూం తలుపూ రిపేరే, వంటింటి తలుపూ రిపేరే. మధ్యాహ్నానికి వీధి తలుపు తప్ప ఇంట్లో తలుపన్నది మిగల్లేదు. సాయంత్రానికి ఇంటికి వేడినిచ్చే రేడియేటర్లు చల్లబడ్డాయి. బయట నీళ్ళు గడ్డకడుతున్నాయి. ఆడపిల్లలు బాత్రూంకి దుప్పటి అడ్డం కట్టుకున్నారు.

ఓనరు పరాయివాడైతే ఇంత కడుపుమంట ఉండేది కాదు. మనవాడే, సాయికృష్ణ. ఎష్‌బోర్న్‌లో అద్దాల ఆఫీసులో పెద్ద కన్సల్టెంటు. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలంతా "సాయన్నా" అంటారు. ఈ ఇల్లు కొని గృహప్రవేశం చేసుకున్ననాడు పాలు పొంగించింది అక్షయ, గిన్నెలు తోమింది రాజ్యశ్రీ, సోఫాలు మోసింది అఖిల్. ఆ తర్వాత ఆ గదుల్లోనే వాళ్ళని కిరాయికి పెట్టాడు. అగ్రిమెంటు మాటెత్తితే, మనోళ్ళ మధ్య కాగితాలేంటమ్మా, నేను మీ అన్నని అన్నాడు. జర్మనువాడి ఇల్లయితే సంతకం కానిదే సంచి దించేవాళ్ళు కాదు. అన్నని కాగితం ఎలా అడుగుతాం? మొహమాటం. కాలు తొక్కినవాడికి మనమే "పర్లేదండీ" అని చెప్పే జాతి మనది.

ఇప్పుడు అన్నకి ఇల్లు అమ్మాలని బుద్ధి పుట్టింది. కొనేవాళ్ళకి ఖాళీ ఇల్లు కావాలి, మనుషులున్న ఇంటికి రేటు పలకదు. దీపావళి నుంచీ తియ్యగా చెబుతున్నాడు, ఖాళీ చెయ్యండమ్మా అని. పై అంతస్తు కుర్రాళ్ళు అన్న అడిగాడు కదా అని పెట్టెలు సర్దుకుని పోయారు కూడా. ఎక్కడికి పోయారయ్యా అంటే, స్నేహితుడి గదిలో నేల మీదికి. అడ్రసు లేనివాడికి ఆన్‌మెల్డుంగ్ ఉండదు, ఊళ్ళో పేరు నమోదు కాదు. పేరు నమోదు కానివాడికి వీసా పొడిగించరు. రాజ్యశ్రీ వీసా టెర్మిన్, అంటే ఆఫీసువాళ్ళు రమ్మన్న తేదీ, మార్చిలో ఉంది. ఆ గది నిలబడితేనే ఆమె చదువు నిలబడుతుంది, లేకపోతే తిరుగు విమానమే.

ఆ సాయంత్రం అందరూ కోట్లు తొడుక్కుని వంటింట్లో చేరారు. రాజ్యశ్రీ, అఖిల్ అప్పటికే ఊళ్ళో కిరాయిదార్ల సంఘానికి పోయి అడిగి వచ్చారు. అక్కడి ముసలావిడ ఓపిగ్గా చెప్పిందట. నోటిమాట మీద ఇచ్చిన కిరాయి కూడా కిరాయే. ఇల్లు అమ్ముడుపోయినా కిరాయిదారు అమ్ముడుపోడు, కొత్త ఓనరు అతన్ని ఉంచుకోవాల్సిందే. కోర్టు ఉత్తర్వు లేనిదే ఎవడూ ఎవర్నీ గెంటలేడు. తలుపులు పీకడం నేరం.

అఖిల్ పక్క గదిలో ఉండే విశ్వతేజ తల పట్టుకున్నాడు. సాయన్న తన కంపెనీలో రెఫరెన్సు ఇస్తానన్నాడు, పోలీసులంటూ పోతే ఉద్యోగం ఆశ పోతుంది, మన పేర్లు రికార్డుకి ఎక్కుతాయి, గొడవెందుకు, పోదాం అన్నాడు. అక్షయ ఏడుస్తూ కూర్చుంది. తుని నుంచి వచ్చిన అఖిల్, తెల్లారకుండా పార్సిళ్ళు మోసి పగలు క్లాసులకి పోయేవాడు, నవ్వాడు.

"రెఫరెన్సు ఇచ్చేవోడు తలుపులు పీకుతాడేటి? నీకిచ్చేది ఉద్యోగం కాదు బావా, మూతికి తాళం."

విశ్వతేజ కస్సుమన్నాడు. నీకేం పోయింది, పార్సిళ్ళు మోసుకునేవాడివి అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఒకరి కాలరు ఒకరు పట్టుకునేదాకా వచ్చింది. రాజ్యశ్రీ ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. ఆ పిల్లది మెట్‌పల్లి పక్క ఊరు. మామూలుగా మాట్లాడదు, మాట్లాడితే ఆగదు.

"మా ఊర్లె అన్నలంటె దొర గడీ తలుపులు పీకినోళ్ళు. మా తాత చెప్తుండె. ఈయన మన తలుపులు పీకిండు. ఈన్ని అన్న అంటె ఆ మాటకే సిగ్గు. ఈ ఇంట్ల ఇంక ఎవ్వరు ఈన్ని అన్న అనద్దు. ఎవ్వరు పోవద్దు."

ఎవరూ పోలేదు. విశ్వతేజ కూడా సణుక్కుంటూనే ఉండిపోయాడు. ఆ రోజులు ఎలా గడిచాయో వాళ్ళకే తెలియాలి. మనవాళ్ళకి చెప్పులు గుమ్మం బయట విడవడం పుట్టుకతో వచ్చిన అలవాటు కదా, ఆ మెట్ల నిండా ఎప్పుడూ బూట్లూ చెప్పులే ఉండేవి. కింది ఇల్లు సొంతమైన జర్మన్ ముసలాయన ఎన్నిసార్లు తిట్టాడో. ఇప్పుడు నేల మంచుగడ్డ. ఇంట్లో చెప్పులతో తిరగడం ఎరగని పిల్లలు బూట్లు విప్పకుండా పడుకున్నారు, బూట్లతోనే అన్నం వండుకున్నారు. అమ్మ చూస్తే చంపేస్తుందని అక్షయ అంటే, ఆ చలిలోనూ అందరూ నవ్వారు.

శనివారం పగటిపూట ఆ మనుషులు మళ్ళీ వచ్చారు, ఈసారి వీధి తలుపు కోసం. ఎదురుగా రోడ్డు మీద సాయికృష్ణ కారు ఆగింది. ఇంజను ఆపలేదు, దిగనూ లేదు. పక్క సీట్లో తెలుగు సంఘం పెద్ద భాస్కర్ రావు. పిల్లలకి నాలుగు మంచిమాటలు చెప్పి పంపిద్దామని తీసుకొచ్చాడట. మంచిమాటలకి ముందు ఇనప కమ్మీలు పంపించాడు.

పిల్లలు మెట్ల మీద చేతులు పెనవేసుకుని నిలబడ్డారు. బట్టతలవాడు ముందుకొచ్చాడు. కమ్మీ మొనతో విశ్వతేజ మూతి మీద పొడిచాడు. పళ్ళు రాలాయి. రక్తం గోడ మీద చిమ్మింది. వెనకవాడు అక్షయ జుట్టు చేతికి చుట్టుకుని కిందికి ఈడ్చాడు. రాజ్యశ్రీ వంటింట్లోంచి చపాతీ కర్ర తెచ్చి, జుట్టు పట్టుకున్న చేతి మణికట్టు మీద బలంకొద్దీ కొట్టింది. ఎముక చిట్లింది. వాడు ఊళపెట్టాడు. ఇంకోడు ఆమె పొట్టలో తన్నాడు. ఆమె గోడకి కొట్టుకుని, ఊపిరందక, మళ్ళీ లేచింది. ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియకుండా పోయింది. గోళ్ళతో రక్కారు, పళ్ళతో కొరికారు. జన్మలో ఎవర్నీ కొట్టి ఎరగని పిల్లలు వాళ్ళు.

పై మెట్టు మీద అఖిల్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. బట్టతలవాడు అతని మెడ పట్టుకుని గోడకి అదిమాడు. మెట్ల కిటికీలోంచి రోడ్డు మీద కారు కనిపిస్తోంది. అన్న అనకూడదనుకున్నాడు కదా, ప్రాణం మీదికొచ్చేసరికి పాత మాటే వచ్చింది అతని నోటికి.

"అన్నా, సెప్పండన్నా ఈళ్ళకి."

కారు అద్దం పైకి లేచింది. రాజ్యశ్రీ కళ్ళారా చూసింది. మరుక్షణం బట్టతలవాడు అఖిల్‌ని రెండు చేతులతో తోశాడు. అఖిల్ వెల్లకిలా పడి, తల రాతి మెట్టు అంచుకి కొట్టుకుని, కింది దాకా దొర్లి ఆగిపోయాడు. చెవిలోంచి రక్తం వచ్చింది. చేతులు కాస్త కొట్టుకుని ఊరుకున్నాయి.

అంబులెన్సు వచ్చింది, పోలీసులొచ్చారు. అఖిల్‌ని తీసుకుపోయారు. ఏం జరిగిందని ఓ పోలీసామె పిల్లల్ని అడిగింది. చదువులు ఇంగ్లీషులో చదివినవాళ్ళు, జర్మన్ ఎక్కణ్ణించి వస్తుంది. భాస్కర్ రావు కారు దిగి, కోటు సర్దుకుని ముందుకొచ్చాడు. నేను వీళ్ళ పెద్దని, నేను చెబుతానన్నాడు. వినయంగా, చక్కని జర్మన్‌లో చెప్పాడు. పెద్దాయన మాట్లాడుతుంటే మనవాళ్ళ తలలు వాటంతటవే ఊగుతాయి కదా. అర్థం కాకపోయినా ఊగుతాయి. పిల్లల తలలు ఊగాయి. పోలీసామె అది అవునని రాసుకుంది.

రాజ్యశ్రీ చెవిన ఒక మాట పడింది. ఔస్‌గెరుట్ష్ట్. జారడం. మొదటి చలికాలంలో మంచులో తనే జారిపడి డాక్టరు దగ్గర నేర్చుకున్న మాట అది. మిగతాది కూడదీసుకుని వింది. వీళ్ళు మెట్ల మీద చెప్పులు విడుస్తారు, మా దగ్గర అలవాటు, కుర్రాడు వాటి మీద జారాడు, పాపం, ఎవరి తప్పూ లేదు. అదీ పెద్దాయన చెబుతున్నది.

"అంకుల్, ఆగుండ్రి," అంది.

ఆయన చెయ్యి అడ్డం పెట్టి, తెలుగులో, మన పరువు రోడ్డున పడేయకమ్మా, మీ వీసాలు నేను చూసుకుంటాను అన్నాడు. ఆ అమ్మాయి జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషి చేతిని విసిరికొట్టింది. పోలీసామె ముందుకి పోయి, తప్పులతడక జర్మన్‌లోనే చెప్పింది. జారలేదు, తోశారు. మెట్లు చూడండి, ఒక్క చెప్పు లేదు. అన్నీ మా కాళ్ళకే ఉన్నాయి. తలుపుల్లేవు, వేడి లేదు, మేము బూట్లు విప్పి ఎన్నాళ్ళయిందో అంది. తన కాలు ఎత్తి చూపించింది.

పోలీసామె మెట్ల వైపు చూసింది, పిల్లల కాళ్ళ వైపు చూసింది. విశ్వతేజ రక్తం ఉమ్మి, పళ్ళు లేని నోటితో అదే మాట అన్నాడు. అక్షయ అంది. అందరూ అన్నారు, వచ్చీరాని జర్మన్‌లో ఒకరి తర్వాత ఒకరు. కింది ఇంటి ముసలాయన తలుపు తీసుకుని బయటికొచ్చి, ఈ వారం మెట్ల మీద నాకు ఒక్క జోడూ కనబడలేదని చెప్పాడు. తిట్టడానికి రోజూ చూసేవాడు కదా, ఆయనకి తెలుసు. పోలీసామె రాసింది కొట్టేసి మళ్ళీ రాసింది. బట్టతలవాడికి సంకెళ్ళు పడ్డాయి.

మంగళవారం అఖిల్ చచ్చిపోయాడు. సాయికృష్ణని పిలిచి అడిగితే, సామాను మోసేవాళ్ళని మాట్లాడాను, వాళ్ళేం చేశారో నాకేం తెలుసన్నాడు. ఇంటికి పంపించేశారు. తుని కుర్రాడు చెక్కపెట్టెలో విమానం ఎక్కాడు. ఆ వారాంతానికే సాయికృష్ణ తలుపులన్నీ తెచ్చి బిగించాడు, పిల్లల కోసం కాదు, కొనేవాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తున్నారని. మెట్లు యాసిడ్ పెట్టి కడిగించాడు, గోడకి సున్నం కొట్టించాడు.

కొనే దంపతులు కారు దిగేసరికి వీధి పట్టనంత జనం. డార్మ్‌స్టాట్ పిల్లలు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చినవాళ్ళు, అఖిల్‌తో పార్సిళ్ళు మోసిన టర్కీవాళ్ళు, సిరియావాళ్ళు, కిరాయిదార్ల సంఘం ముసలావిడ, ఓ పక్కన పోలీసులు. "జారలేదు, తోశారు" అని తెలుగులో ఒక గొంతు లేస్తే జర్మన్‌లో వంద గొంతులు అందుకున్నాయి. కొనేవాళ్ళావిడ రాజ్యశ్రీని అడిగింది, ఏమంటున్నారని. ఈ ఇంట్లో మేమున్నాం, ఇల్లు అమ్మినా ఉంటాం, మమ్మల్ని గెంటడానికి మా వాణ్ణి ఈ మెట్ల మీద చంపారని చెప్పింది. ఆవిడ మెట్లవైపు చూసి మొగుడి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది.

సాయికృష్ణకి పిచ్చెత్తింది. పరుగున వచ్చి రాజ్యశ్రీ చెంప ఛెళ్ళుమనిపించాడు. పెదవి చిట్లింది. "తిండిపెట్టి చేరదీస్తే నా కొంప కూలుస్తావా? నేను మీ అన్నని," అన్నాడు.

"అఖిల్ గూడ గట్లనే అనుకున్నడు," అంది రాజ్యశ్రీ. "ఆఖరికి నిన్నే పిలిచిండు. నువ్వు అద్దం ఎత్తుకున్నవు."

అని, చాచి కొట్టింది. అతను మెట్టు మీద కూలబడ్డాడు, ముక్కులోంచి రక్తం బొటబొటా కారింది. పోలీసులు ఇద్దర్నీ విడదీశారు. అక్షయ జుట్టు పట్టినవాడి మణికట్టు విరిచిన కేసు రాజ్యశ్రీ మీద ముందే ఉంది, ఇప్పుడిది. ఆమె చేతులు వెనక్కి విరిచి సంకెళ్ళు వేశారు. మార్చి టెర్మిన్ ఇక దేవుడికే తెలియాలి. ఆమెకి భయమేసింది. అయినా తల వంచలేదు.

బండి ఎక్కిస్తుంటే జనాన్ని తోసుకుంటూ ఓ పిల్ల వచ్చింది. పేరు ఈషా అంది, హానోవర్‌లో చదువుతున్నానంది. అక్కడ తాముండే ఇల్లు కూడా సాయికృష్ణదేనట. రేపు రిపేరుకని మనుషులొస్తున్నారు, మేం ఆరుగురమే ఉన్నాం, ఏం చెయ్యాలక్కా అని అడిగింది.

"దర్వాజ ముట్టనియ్యకుండ్రి," అంది రాజ్యశ్రీ. "ఎవ్వలన్న పెద్దమనిషి మీ తరఫున మాట్లాడ్త అంటె వద్దనుండ్రి. మీరే మాట్లాడుండ్రి."

పోలీసు బండి తలుపు మూసుకుంది. ఈషా వెనక్కి తిరిగేసరికి అక్షయ పక్కనే నిలబడి ఉంది. మొన్నటిదాకా దుప్పటి చాటున ఏడ్చిన పిల్ల. హానోవర్‌కి తరవాతి రైలు ఎప్పుడని అడిగింది. ఇంకో గంటలో ఉందంది ఈషా. విశ్వతేజ మూతి గుడ్డ సర్దుకుని బయల్దేరాడు. ఆ వీధి వీధంతా స్టేషను వైపు నడిచింది.