కర్రార్ ఆకలి రైలు దిగింది

అత్‌బరా ఊళ్ళో తొలి అజాన్ కన్నా ముందు లేచేవి కర్రార్ వేళ్ళు. మనిషి ఇంకా గుర్రు పెడుతూనే ఉండేవాడు. వేళ్ళు మాత్రం తలగడ కిందికి పాక్కుంటూ పోయి, రేకు డబ్బా మూత తీసి, తడి పొగాకుని గోలీకాయంత ముద్ద చేసి, కింది పెదవి వెనక నొక్కి వచ్చేవి. ఆ తరవాతే కళ్ళు తెరుచుకునేవి.

అప్పుడు పట్టాల వెంబడి వంతెన దాకా పరుగు. దారిలో నూట పన్నెండు స్తంభాలు, స్తంభానికో ఉమ్ము. వాడు బాగా ఉమ్మిన ఏడాది నైలు రెండంగుళాలు పెరిగిందని నది కొలత చూసే గుమాస్తాయే ఒప్పుకున్నాడు.

కర్రార్‌కి పందొమ్మిదేళ్ళు. రైల్వే కార్మికుల క్లబ్బులో బాక్సరు. వాడి ఎడమచేతి దెబ్బ సంగతి సూడాన్‌లో తెలియని గాడిద కూడా లేదు. కస్సలా నుంచి వచ్చిన ఓ వస్తాదు అది తిని పడిపోతే, ఏడాది పాటు వాడి చెవిలోంచి రైలు కూత వినబడేది. పక్కింటివాళ్ళు ఉలిక్కిపడి పెట్టెలు సర్దుకునేవాళ్ళు.

వాడు పోటీపడేది యాభైనాలుగు కిలోల తరగతిలో. ఆ తూకం గుట్టంతా డబ్బాలోనే ఉంది. పెదవి వెనక ముద్ద ఉంటే ఆకలి దరిదాపులకి రాదు. తూకం ముందు రోజు నీళ్ళు మానేసి పొద్దస్తమానం ఉమ్మితే కిలోన్నర దిగుతుంది. ఇలా నాలుగేళ్ళు నడిచింది. కానీ రెండు రౌండ్లు పులిలా తిరిగే కర్రార్, మూడో రౌండుకి టీలో నానిన రొట్టె అయిపోయేవాడు.

ఒకరోజు కోచ్ కెప్టెన్ ముర్సాల్ వాడి గడ్డం పట్టుకుని, "పెదవి మడిచి చూపించరా," అన్నాడు.

లోపల సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ.

డాక్టరు దగ్గరికి లాక్కుపోయాడు. ఇప్పుడు మానేస్తే మచ్చ పోవచ్చు, మానకపోతే నేను చెప్పలేను అన్నాడు డాక్టరు. బయటికొచ్చాక కెప్టెన్ అరిచిన అరుపుకి స్టేషన్లో ఆగున్న గూడ్సు బండి కదిలింది. "ఖార్తూమ్‌లో జాతీయ జట్టు ఎంపికకి నలభై రోజులుంది. డబ్బా కావాలో గ్లవ్స్ కావాలో తేల్చుకో. రెండూ కావాలంటే ఇంకో కోచ్‌ని వెతుక్కో."

కర్రార్ వంతెనెక్కి డబ్బాని నదిలోకి విసిరేశాడు. రెండు రోజులు చేపలు తూలుతూ ఈదాయి.

మూడో రోజు వాదీ హల్ఫా రైల్లోంచి ఒక పెద్దావిడ దిగింది. పొడుగ్గా, పుల్లలా ఉంది. వెలిసిపోయిన, చీరలాంటి తోబ్ తలమీదుగా చుట్టుకుంది. చేతిలో రేకు పెట్టె.

"ఎవరి ఆకలమ్మా?" అనడిగాడు స్టేషన్ మాస్టరు.

"కర్రార్‌ది."

"సిత్తనా కొడుకా? మసీదు దాటి ఎడమవైపు, నీలం తలుపు," అని టిక్కెట్టు అడక్కుండా పంపించేశాడు.

తలుపు తీసిన కర్రార్ తల్లి సిత్తనా ఆవిణ్ణి ఎగాదిగా చూసి, గబగబా నులక మంచం వాల్చింది. "రా వదినా, కూర్చో. నాలుగేళ్ళు ఎక్కడున్నావ్?"

"రానివ్వలేదుగా," అంది ఆకలి, నీళ్ళు తాగి.

ఇంటికొచ్చిన అతిథికి ఏం తక్కువ చేస్తారు! సిత్తనా గొర్రెని కోయించింది. కిస్రా రొట్టెలు తన మోకాలెత్తు పేర్చింది. బెండపొడి పులుసు కుండలతో దిగింది. పంచదార జల్లిన జలాబియా బూరెల వాసనకి మూడు స్టేషన్ల అవతల ప్రయాణికులు దిగిపోయారు. ఆకలి చెయ్యి కడుక్కోబోతే సిత్తనా ఊరుకునేది కాదు. "అల్లా మీద ఒట్టు, ఈ ముక్క తినాల్సిందే! నా చచ్చిన అమ్మ మీద ఒట్టు, ఈ ఒక్కటీ!" ఒట్టు పెట్టాక అతిథి కాదనకూడదు. అతిథి లేవకుండా పళ్ళెం దగ్గర్నుంచి ఇంటి మగాడు లేవకూడదు. ఆవిడ ఒక ముద్ద తింటే కర్రార్ ఒక ముద్ద.

పన్నెండు రోజులకి కర్రార్ పార్సిల్ ఆఫీసు కాటా ఎక్కితే ముల్లు అరవై ఒకటి దాటింది. పక్కనున్న ఖర్జూరం బస్తాలు సిగ్గుపడి జరిగాయి.

"నేను బాక్సర్ని పంపమంటే మీ అమ్మ పెళ్ళివారిని పంపిందేంట్రా?" అన్నాడు కెప్టెన్. క్లబ్బులో వాళ్ళు నవ్వారు. "కర్రార్, రింగులో నువ్వొక్కడివే పడతావా, లేక అవతలివాడికి కూడా చోటుంటుందా?"

కర్రార్‌కి ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళి ఆకలిని వెనక గదిలో పెట్టి గడియ వేశాడు. రెండు రోజులు పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. తలుపు కొట్టింది. ఆగకుండా, రోకలి పోటులా కొట్టింది. మూడో రోజు మధ్యాహ్నానికి కర్రార్ ఇల్లు వదిలి బయటపడ్డాడు. బజార్లో పొగాకు కొట్టు దగ్గర ఎప్పుడొచ్చి నిలబడ్డాడో వాడికే తెలీదు.

"ఏం నాయనా, ఊరెళ్ళావా?" అంటూ కొట్టువాడు వాడి అరచేతిలో కాస్త పొగాకు పోశాడు. వేళ్ళు వాటంతటవే ముద్ద కట్టేశాయి.

వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించి తిరిగాడు. ఆకలి. గడియ ఎలా తీసుకుందో! చేతిలో రేకు పెట్టె.

"పెట్టుకుంటావా?" అంది మెల్లిగా. "అయితే నేను సాయంత్రం బండికి బయల్దేరతాను. కోపమేం లేదు బాబూ. ఈసారి ఎన్నేళ్ళో చెప్పు చాలు. పోయినసారి చెప్పకుండా పంపేశావు, ప్రతి స్టేషన్లోనూ దిగి నీకోసం చూశాను."

పెట్టె పట్టుకున్న ఆ మణికట్టుకేసి చూశాడు కర్రార్. అచ్చం తనదే. తూకం రోజు ఉదయాన్నే గ్లవ్స్ తాడు కట్టేటప్పుడు కెప్టెన్ నిట్టూరుస్తూ చూసే మణికట్టు అది.

ముద్ద చేతిలోంచి జారి మట్టిలో పడింది. "పెట్టె ఇటియ్యి అత్తా, బరువుంటుంది," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ బతూల్ అరుగు మీద కూర్చుని ఉంది. ఆవిడకి తొంభై ఏళ్ళు. వయసులో ఉండగా ఒంటి చేత్తో ఇంజన్ ఆపిందని రైల్వేవాళ్ళే చెబుతారు. సంగతంతా విని నోట్లో పళ్ళు లేకపోయినా పటపటా కొరికింది.

"ఏమే సిత్తనా, ఈవిడొచ్చి ఎన్నాళ్ళయింది?"

"పదిహేను రోజులమ్మా."

"అతిథి ఎన్నాళ్ళు?"

"మూడ్రోజులు."

"మరి ఇంకా ఒట్లు పెట్టి తినిపిస్తావేంటి, బుద్ధిలేనిదానా! నాలుగో రోజునుంచి ఇంటి మనిషి. వీడేమో దొంగని పెట్టినట్టు గదిలో పెట్టాడు, నువ్వేమో పెళ్ళికొడుకుని చూసినట్టు చూశావు. చీపురియ్యి దాని చేతికి."

చీపురు అందుకోగానే ఆకలి మొహం విప్పారింది. "బతికించావు తల్లీ! కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది," అంది.

ఆవేళనుంచి ఆవిడ వాకిలి ఊడ్చేది, మేకల్ని తోలుకెళ్ళేది, కర్రార్ వెనక వంతెన దాకా పరుగెత్తేది. పొద్దున శనగల్లాంటి ఫూల్ గింజల కూర పళ్ళెం దించినప్పుడు వచ్చేది, మధ్యాహ్నం వచ్చేది, సాయంత్రం చీకటి పడేలోపు వచ్చేది. నిదానంగా తినేది. చాలనిపించగానే చెయ్యి తుడుచుకునేది. ఆవిడ లేస్తే కర్రార్ లేచేవాడు. సిత్తనాకి ఒట్టు నాలుక చివరిదాకా వచ్చేది. అమ్మమ్మ చూపుకి మళ్ళీ లోపలికి పోయేది. పొగాకు మీదికి మనసు లాగిన ప్రతిసారీ ఆకలే వాడికి ఓ ఖర్జూరమో, గుక్కెడు నీళ్ళో అందించి, "ఇది నేను కాదు బాబూ, అది వేరే. కాసేపట్లో పోతుంది," అనేది. పోయేది కూడా.

కాటా ముల్లు దిగి దిగి యాభై ఆరున్నర దగ్గర ఆగింది. ఇక గునపం పెట్టి తవ్వినా కదల్లేదు.

"యాభైనాలుగు రాదురా," అన్నాడు కెప్టెన్ ముర్సాల్. "యాభై ఏడులో దిగాలి. అక్కడ పోర్ట్ సూడాన్ ఓషేక్ ఉన్నాడు. ముగ్గురు వాడి దెబ్బ తిన్నాక ఉద్యోగాలు మార్చుకున్నారు. రెండు రోజులు ఉమ్మితే పాత తరగతే, సులువు. ఏమంటావ్?"

అది పరీక్షో నిజమో కర్రార్‌కి అర్థం కాలేదు. "నాకిది సరిపోయింది కెప్టెన్," అన్నాడు. కెప్టెన్ వాడి మెడమీద ఒక్కటిచ్చాడు. ముద్దుకే.

ఖార్తూమ్‌లో మొదటి రౌండులో ఓషేక్ కొట్టిన దెబ్బలకి రింగు మేకులు లేచాయి. రెండో రౌండులో కర్రార్ ఎడమ కన్ను మూసుకుపోయింది. మూడో రౌండు గంట మోగింది. కర్రార్ తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఉన్నాయి. రెండూ ఉన్నాయి. ఊపిరి గుండెల నిండా, పాల టీలా వెచ్చగా ఉంది. ఎదురుగా ఓషేక్ టీలో నానిన రొట్టెలా మెత్తబడ్డాడు. ఆ మెత్తదనం కర్రార్ ఎరిగినదే, చివరి గంటదాకా కొడుతూనే ఉన్నాడు. జడ్జీలు ముగ్గురూ చేతులు కర్రార్ వైపే చూపించారు. జాతీయ జట్టు కాగితంలో యాభై ఏడు కిలోల గీత మీద వాడి పేరు పడింది.

బయట వేపచెట్టు నీడలో కెప్టెన్ ఫూల్ పళ్ళెం దింపించాడు. ఆకలి వచ్చి చెయ్యి కడుక్కుంది. అంతలో గేటు దగ్గరికి చూసి ఆగిపోయింది.

ఎండలో, గేటు ఊచలు పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. వెదురు బద్దలా ఉన్నాడు.

"ఆయన ఓషేక్ తాలూకు ఆకలి," అన్నాడు గేటు కాపలావాడు. "ప్రతి పోటీకీ వస్తాడు. లోపలికి రమ్మని ఎవరూ పిలవరు."

ఓషేక్ అప్పుడే బయటికొస్తున్నాడు. ఓడిన మొహం, వేళ్ళ మధ్య తాజాగా కట్టిన పొగాకు ముద్ద. ముసలాయన్ని చూసి తల తిప్పుకోబోయాడు. కర్రార్ పళ్ళెం చుట్టూ కాస్త జరిగి, ఇద్దరికి సరిపడా చాప ఖాళీ చేశాడు.

ఓషేక్ ఒకసారి చాపకేసి, ఒకసారి గేటుకేసి చూశాడు. ముద్ద వేళ్ళ మధ్య ఎండిపోయి పొడిపొడిగా రాలింది.

"ఆయన ఏం తింటాడు?" అనడిగాడు.

"నువ్వేం తింటే అదే," అన్నాడు కర్రార్. "కానీ ముందు నువ్వు కూర్చోవాలి."