గట్టు మీది పొద్దుతిరుగుడు వరస

అనుమానపడటం ఆ ఇంటి పెద్దకోడలికి వెన్నతో పెట్టిన విద్య. పాలు విరిగితే పాలవాణ్ణి అనుమానిస్తుంది, గిన్నె సొట్టపడితే పక్కింటివాళ్ళను. ఇక టమాటా తోటకే చెరుపు వస్తే ఊరుకుంటుందా?

పండ్ల మీద పసుపు మచ్చలు లేచాయి. తొక్క తీసి చూస్తే మచ్చ కింద కండ తెల్లగా, దూది కూరినట్టు ఉంది. కూరగాయల వ్యాపారి గంపలో చెయ్యి పెట్టి తిప్పి తిప్పి చూసి, "ఈసారికి తీసుకుంటున్నా. వచ్చే కోత కూడా ఇలాగే ఉంటే నా బండి మీ తోటకు రాదమ్మా" అన్నాడు. చుట్టుపక్కల కొనేవాడు అతనొక్కడే. భర్తకు మిల్లులో పని, తోట మంచిచెడ్డలన్నీ ఆవిడవే. ఈ పంట పోతే పడ్డ చాకిరీ అంతా మట్టిపాలు.

ఆకులు తిరగేసి వెతికితే దొంగ దొరికింది. డాలులాంటి వీపున్న ఆకుపచ్చ పురుగు ఒకటి, సూదిలాంటి మూతిని కాయలోకి దించి రసం పీలుస్తోంది. కసిగా పట్టుకుని నలిపింది. అబ్బ, ఏం కంపు! చెయ్యి ఎన్నిసార్లు కడిగినా పోలేదు. దానికి కంపు పురుగని ఊరికే పేరు పెట్టలేదు.

దొంగ దొరికింది సరే, పంపించిందెవరు? ఆవిడ చూపు తిన్నగా గట్టు మీదికి పోయింది.

గట్టుకు అవతలి చెక్క తోడికోడలిది. వాటాలు పంచుకున్నాక బోరు నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరికీ పలకరింపులు లేవు. ఆ చిన్నకోడలు తన చెక్కలో క్యారెట్, ముల్లంగి వేసుకుంది. గట్టు పొడుగునా మాత్రం పొద్దుతిరుగుడు నాటింది. ఆ పువ్వుల నిండా కంపు పురుగులే! రోజూ పొద్దున్నే వచ్చి వాటిని బకెట్లోకి దులుపుతుంది, ఆ బకెట్ పట్టుకుని గట్టు వెంట ఇటే నడుస్తుంది.

"దుంపలు వేసుకున్నదానికి పువ్వులెందుకట? పురుగుల్ని పెంచి నా తోటలో పోస్తోంది" అని తేల్చేసుకుంది పెద్దకోడలు. పొయ్యడం కళ్ళారా చూసిందా అంటే లేదు. చూడాల్సిన అవసరమూ ఆవిడకు కనపడలేదు.

చిన్నకోడలు మార్కెట్టుకు వెళ్ళిన మధ్యాహ్నం కొడవలి పట్టుకెళ్ళి వరసంతా మొదలంటా నరికేసింది. పీడ విరగడైందనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

తెల్లవారి తోటకు వెళ్ళి చూసింది. నిన్నటిదాకా వెతికితే గాని కనబడని పురుగు ఇవాళ ప్రతి గుత్తికీ పట్టుకుని ఉంది. గట్టు మీద వాడిపోయిన పువ్వుల్లో మాత్రం ఒక్కటీ లేదు.

"అక్కా!"

చిన్నకోడలు రెండు బకెట్లతో గట్టు దిగి వస్తోంది. పెద్దకోడలు పోట్లాటకు నడుం బిగించింది.

"అలా నించున్నావేం, రా. ఎండెక్కితే ఎగిరిపోతాయి. ఇప్పుడైతే మగతగా ఉంటాయి, కొమ్మ తడితే రాలిపోతాయి. ఆకుల కింద గుడ్లు వరసగా ఉంటాయి, ఆకుతో సహా తుంచి ఇందులో వెయ్యి."

పెద్దకోడలు బకెట్ మీదికి వంగి వాసన చూసింది. సబ్బునీళ్ళు.

"నీకెందుకింత శ్రమ? నీ దుంపల్ని ఇవి ముట్టుకోవుగా?"

"నీ టమాటాల్ని ముట్టుకుంటాయిగా! పువ్వులు వేసింది అందుకే. వీటికి పొద్దుతిరుగుడు గింజలంటే పిచ్చి. అటునుంచి వచ్చేవి అక్కడే ఆగిపోతాయి, దులిపి సబ్బునీళ్ళలో ముంచేసి, మీ వైపు గట్టు చివర గుంటలో పారబోసేదాన్ని. కొన్ని తప్పించుకుని వచ్చేవనుకో. చెబుదామంటే నువ్వు మొహం తిప్పుకుంటావాయె. ఇప్పుడా పువ్వులు పోయాయి, అన్నీ నీ తోట మీద పడ్డాయి."

పెద్దకోడలికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కొమ్మలు తట్టసాగింది. ఎవరు నరికారని ఇప్పుడడుగుతుంది, ఇదిగో అడుగుతుంది అని ఎదురుచూసింది. అడగలేదు. అడక్కపోవడం మరీ అనుమానంగా తోచింది. చివరికి తనే ఉండబట్టలేక, "ఎవరి పనో తెలిసిందా?" అంది.

"తెలియకేం? మీ మరిదే." చిన్నకోడలు కొమ్మను విసురుగా తట్టింది. "మొహం చూడనిదానికి నువ్వు ఊడిగం చేస్తావేంటని మొదట్నుంచీ గొణుగుడే. రాత్రి నిలదీస్తే నేను కాదంటాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నం తినకుండా వెళ్ళి వసారాలో పడుకున్నాడు."

పెద్దకోడలి చెయ్యి ఆగిపోయింది. నరుకుతుంటే ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే సరిపోతుంది. చెబితే ఈ మనిషి బకెట్లు తీసుకుని వెళ్ళిపోతుంది, ఇంత తోటా తట్టడం తనొక్కతి వల్ల కాదు, కోత పాడవుతుంది, వ్యాపారి బండి రాదు. ఇదంతా తెలిసే నోరు విప్పింది.

"మరిది కాదు. నేనే నరికాను. నువ్వు వీటిని పెంచి నా మీదికి వదులుతున్నావనుకున్నా."

ఇప్పుడు తిడుతుందని తల దించుకుంది. ఎంతసేపటికీ తిట్టు రాకపోతే తలెత్తి చూసింది. చిన్నకోడలు తనవైపు చూడటమే లేదు. ఇంటివైపు చూస్తోంది.

"పిల్లల మీద ఒట్టేశాడక్కా" అంది. "అయినా నేను నమ్మలేదు."

బకెట్ అక్కడే దించేసి, గట్టు మీద విడిచిన చెప్పులైనా తొడుక్కోకుండా ఇంటికేసి పరుగెత్తింది. పెద్దకోడలు రెండు బకెట్లూ దగ్గరికి లాక్కుని, ఎండెక్కేలోగా అయినంత చేద్దామని కొమ్మల మీదికి వంగింది.