నలభై ఎనిమిది మైళ్లు

దూరాన్ని దేనితో కొలవాలి? నడిచిన దారితోనా, గడిచిన కాలంతోనా?

తెనాలిలో ఆ ట్రావెల్స్ ఆఫీసు బల్ల ముందు, తమ్ముడు వలి పక్కన కూర్చుని ఆసియా తనను తానే ప్రశ్నించుకుంది. మక్కాకు, ఉమ్రా యాత్ర కోసం వెళ్లే ఆడవాళ్ల బృందంలో ఒక్క సీటే మిగిలింది. ఆమె అడిగి పెట్టించుకున్న ఆ సీటును వదిలేయించడానికే వలి వెంట వచ్చాడు.

"విమానం దిగే ఆ జెడ్డా ఎంత దూరం, బాబూ?" అన్నాడు వలి.

"హైదరాబాద్ నుంచి నాలుగు వేల కిలోమీటర్ల పైనే అంకుల్. నేరుగా వెళ్లే ఫ్లైటైతే ఆరు గంటలు," అన్నాడు ఏజెంటు రిజ్వాన్.

"విన్నావా ఆపా? నలభై ఎనిమిది మైళ్లు దాటితే ఆడమనిషి వెంట భర్తో, కొడుకో, తోడబుట్టినవాడో ఉండాలి. నాలుగు వేలంటే మాటలా?"

భర్త పోయాడు. కొడుకులు లేరు. మిగిలిన తోడు వలి ఒక్కడే. వచ్చే రంజాన్ తరవాత చూద్దామని ఏటా అంటూనే ఉన్నాడు.

"అయితే నువ్వు రా. ఇద్దరం వేరే బృందంలో వెళ్దాం."

"దుకాణం ఎవరు చూస్తారు? పైగా నా మోకాళ్లు..."

"విమానాన్ని మోకాళ్లతో తోయమనరులే. తిరనాళ్లలో రంగులరాట్నం ఎక్కి, దించమని గోల పెట్టినవాడివి. నాకు తెలియదట్రా?"

రిజ్వాన్ నవ్వాపుకోవడానికి కంప్యూటర్ వైపు తిరిగాడు.

"అది వేరు," అన్నాడు వలి, ముఖం ఎర్రబడి. "నేను చెప్పేది దీన్ మాట, మన మతం మాట."

ఆ మాటను ఆసియా ఏనాడూ తేలిగ్గా తీసుకోలేదు. ఎడారి దారుల్లో పుట్టిన ఆ నియమంలో ఆమెకు ఒంటరి ప్రాణం పట్ల శ్రద్ధ కనిపించేది. నమ్మకమైన స్త్రీల జతలో వెళ్లవచ్చన్న పెద్దలూ ఉన్నారని చదివి తెలుసుకుంది. వలి చేతికి వచ్చేసరికి ఆ శ్రద్ధ తాళంకప్ప అయింది.

"రేపల్లెలో రైలెక్కి, ఇక్కడ దిగి, బండి మారి బాపట్ల వెళ్లి కుట్టుపని నేర్పేదాన్ని. ఆ దారి ఎన్ని మైళ్లో ఎప్పుడైనా కొలిచావా?"

"అది ఉద్యోగం ఆపా."

"ఒకవైపుకే ఇంచుమించు నీ నలభై ఎనిమిది. వానకు బండ్లు ఆగిపోతే తెల్లారేదాకా బాపట్ల ప్లాట్‌ఫాం మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. నా జీతంతో నీ చదువు సాగినన్నాళ్లూ ఆ మైళ్లు ఎవరికీ కనపడలేదు. అల్లా ఇంటికి వెళ్తానంటే ఇవాళ టేపు పట్టుకుని బయలుదేరావు."

"నలుగురూ ఏమనుకుంటారు?" అని గొణిగాడు వలి.

"ఆ నలుగురిలో ఒకణ్ణి తోడు పంపించు, చూద్దాం."

ఆమెకూ భయం లేకపోలేదు. విమానాన్ని ఆకాశంలో చూడటమే తప్ప ఎక్కి ఎరగదు. ఆ భయం తన సొంతం. దాన్ని మోసుకు వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనిపించింది.

"రిజ్వాన్, ఆ సీటు నాదే. ఇంకేం కావాలి?"

"వీసాకు ఫొటో ఆంటీ. ఇప్పుడు తీయించుకుంటే ఈ పూటే పంపించేస్తాను."

"ఆపా, ఒక్క మాట విను..."

ఆసియా లేచింది. కళ్లజోడు తీసి వలి చేతిలో పెట్టి, గోడకు కట్టిన తెల్లగుడ్డ ముందు స్టూలు మీద కూర్చుని, కెమెరాలోకి సూటిగా చూసింది.