అమ్మ నీళ్ళు

“మా ఇంట్లో వేడినీళ్ళు అయిపోవడమన్నదే లేదమ్మా,” అన్నాడు మా ఆయన లిండ్సే, చీజ్ రోల్ కొరుకుతూ.

బల్లకి అవతల కూర్చున్న మెరియానా ఫారం మీదికి వంగింది. నాలుగో ప్రశ్న. మీ ఇంట్లో వేడినీళ్ళు చాలకుండా పోతుంటాయా? ఎన్నడూ లేదు, అప్పుడప్పుడు, రోజూ. మూడింటిలో ఒకదాని పక్కన టిక్కు పెట్టాలి. ఆ ఫారం నాకు కంఠతా వచ్చు. అందులో ఉన్న తొమ్మిది ప్రశ్నల్లో ఆరు నేను రాసినవే.

న్యూజీలాండ్ దక్షిణ కొసన ఉన్న మా మటౌరాలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పాత కరెంటు గీజర్లకి దుప్పట్లు చుట్టే ట్రస్టులో ఐదేళ్ళుగా పనిచేస్తున్నాను. నలభై యాభై ఏళ్ళనాటి రాగి ట్యాంకులు అలమరల్లో నిలబడి ఉంటాయి. ఎవరూ కుళాయి తిప్పకపోయినా అవి లోపలి వేడిని పగలూ రాత్రీ గాలికి వదిలేస్తూనే ఉంటాయి, కరెంటు మళ్ళీ మళ్ళీ కాస్తూనే ఉంటుంది. మేం వెళ్ళి దూది నింపిన మందపాటి దుప్పటి చుట్టి, పైన బెల్టులు బిగించి, పైపు మొదట్లో ఒక మీటరు దాకా తొడుగు వేసి, వేడి మరీ ఎక్కువుంటే అరవై డిగ్రీలకి దించి, షవర్ కింద బకెట్ పెట్టి నీళ్ళు ఎంత జోరుగా వస్తున్నాయో చూసి వస్తాం. ఎనిమిది నెలల కిందట మెరియానా చేరినప్పుడు ఆ పనంతా నేర్పింది నేనే. సొంత ఇంటిని సొంతంగా చూసుకోకూడదని ఆఫీసు నియమం. అందుకని ఈ శనివారం పొద్దున తను మా ఇంటికి వచ్చింది. నేను ఏప్రన్ కట్టుకుని ఇంటి ఇల్లాలిగా కూర్చున్నాను.

దరఖాస్తు పెట్టింది నేను కాదు, లిండ్సే. పక్కింటివాళ్ళకి ఉచితంగా చేశారని తెలిసి పెట్టాడు. “ఊరందరి గీజర్లకీ దుప్పట్లు కప్పి వస్తావు, మనది మాత్రం చలికి వణకాలా?” అని నవ్వాడు. ఐదేళ్ళలో నేనెందుకు అడగలేదో అతనికి చెప్పలేదు. మా అలమర వెచ్చగా ఉండటానికి కారణం ఆ ట్యాంకు వదిలేసే వేడే. మా అత్తగారు ఐల్సా బనియన్లు ఆ ట్యాంకు నెత్తిన పరుస్తాను. లిండ్సే పాల ట్యాంకర్ డ్యూటీకి వేసుకెళ్ళే మేజోళ్ళూ, మా అమ్మాయి టెస్సా నెట్‌బాల్ బట్టలూ ఆ పైపుల మీదే ఆరతాయి. దుప్పటి చుడితే ఆ వేడి నీళ్ళలో ఉండిపోతుంది, అలమర చల్లబడుతుంది. అప్పుడు అందరి బట్టలూ వెచ్చబెట్టడానికి నేను ఇంకో దారి వెతుక్కోవాలి. ఊళ్ళో ఆడవాళ్ళకి పొదుపు గురించి ఉపన్యాసాలిచ్చే నేను నా ఇంట్లో ఆ లెక్క వేసుకుని ఊరుకున్నాను.

మెరియానా టిక్కు పెట్టలేదు. ఆ టిక్కుని బట్టే మిగతాదంతా ఉంటుంది. ‘ఎన్నడూ లేదు’ అంటే ఉన్నదానికే దుప్పటి చుట్టి వెళ్ళిపోతారు. ‘రోజూ’ అంటే ఆ పాతదాన్ని పీకేసి, వేడి బయటికి పోనివ్వని మందపాటి గోడలతో అంతకన్నా పెద్దది పెడతారు. అది ఏడాదికి ఇరవై ఇళ్ళకే వస్తుంది. ఎవరికి రావాలో చెప్పేది ఆ ఒక్క జవాబే, దాని కింద ఇంటి యజమాని సంతకమే.

“ఒకసారి నీళ్ళు చూస్తాను,” అని తను లేచి వంటింటి కుళాయి తిప్పింది. వేడి వైపు కుళాయిని నిమిషంసేపు అలా వదిలేసి, గ్లాసు పట్టి, అందులో థర్మామీటర్ ముంచింది. ఎవరింటికి వెళ్ళినా ఆఖరి స్నానానికి ముందు వెళ్ళమని తనకి చెప్పింది నేనే. అప్పుడే ఆ ట్యాంకు అసలు సంగతి తెలుస్తుంది.

“ఇరవై ఆరు,” అంది మెరియానా.

“ఇప్పుడేగా అందరం స్నానాలు చేశాం. మరి అలాగే ఉంటాయి,” అన్నాడు లిండ్సే.

“అందరూనా?”

ఆ మాట ఎలా అడగాలో కూడా నేనే నేర్పాను. ఫారంలో నేను రాసిన ఏడో ప్రశ్న ఒకటుండేది: ఇంట్లో ఆఖరున స్నానం చేసేది ఎవరు? మా మేనేజరు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాడు. “మనం చూడ్డానికి వెళ్ళేది గీజర్లని గ్లెనిస్, కాపురాలని కాదు,” అన్నాడు. ఆ గదిలో ఉన్న మగవాళ్ళందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత మెరియానాని కారెక్కించుకుని తిప్పేటప్పుడు చెప్పాను, ఫారంలో లేకపోయినా నోటితో అడుగు, అడిగినప్పుడు జవాబు చెప్పేవాళ్ళ వైపు చూడకు, చెప్పకుండా ఊరుకున్నవాళ్ళ వైపు చూడు అని. తను ఇప్పుడు నా వైపు చూస్తోంది.

“గ్లెనిస్ ఇంకా చెయ్యలేదు,” అంది కిటికీ దగ్గర కుర్చీలోంచి మా అత్తగారు. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే.

“తనకి వేడినీళ్ళు పడవులే. గోరువెచ్చగా ఉంటేనే ఇష్టం,” అన్నాడు లిండ్సే. “కదా గ్లెన్?”

“అవును,” అన్నాను. “నాకు గోరువెచ్చగానే బావుంటుంది.”

అన్నాక నా మాట నాకే వినిపించింది. ఆ మాట నేను ఎన్ని వంటిళ్ళలో విన్నానో! పక్క ఊరు గోర్‌లో ఐదుగురు పిల్లల తల్లి అంది. వింధమ్‌లో ఒక టీచరమ్మ అంది. ‘అబ్బే, నాకు మరీ వేడి పడదండీ.’ ‘చల్లటి నీళ్ళు వంటికి మంచివట.’ కారెక్కాక నేనూ మెరియానా వాళ్ళని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. ఇంత చల్లటి దేశంలో, మాకు నడి చలికాలమైన జూలై నెల మంచులో, కిటికీ అద్దాలకి లోపలి వైపు గడ్డకట్టే ఊళ్ళో, గోరువెచ్చటి నీళ్ళంటే ఇష్టపడే జాతి ఒకటి పుట్టిందనీ, అందులో మగవాడు ఒక్కడూ లేడనీ నేను జోకు కూడా వేశాను. ఆ జాతిలో నేనున్నానని మెరియానాకి చెప్పలేదు. నాకే గుర్తులేదేమో.

ఇరవై నాలుగేళ్ళ కిందట పెళ్ళయిన కొత్తలో లిండ్సే వాళ్ళ పొలం ఇంటికి వెళ్ళాం. రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు తోమి, ఆఖరున స్నానానికి వెళ్ళాను. బయటికి వచ్చాక అత్తగారు అడిగింది, “నీళ్ళు సరిపోయాయా అమ్మాయ్?” అని. కొత్త కోడల్ని, మర్యాదకి అన్నాను, “గోరువెచ్చగా బావున్నాయి” అని. అంతే. ఆ ఒక్క మాటా నా స్వభావమైపోయింది. నాకు క్యారెట్ కేకు ఇష్టమన్నట్టూ, సముద్రం పడదన్నట్టూ, అదీ నా గురించి ఇంట్లో అందరికీ తెలిసిన ఒక సంగతైంది. తొమ్మిదేళ్ళ కిందట లిండ్సే గీజర్‌ని చౌక కరెంటుకి మార్పించాడు. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా కాస్తుంది, తర్వాత ఇక కాయదు. ఆ నూట ముప్ఫై అయిదు లీటర్లే రోజంతటికీ. “అందరికీ సరిపోతాయి, గ్లెన్‌కి ఎలాగూ వేడి అక్కర్లేదు,” అని ఆ కరెంటు మనిషితో అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. సన్నగా వచ్చే షవర్ పెడితే ఇంకొంచెం మిగులుతాయని నేనొకసారి అంటే, “కుళాయి కారినట్టు కారితే అదొక స్నానమా? రోజూ ట్యాంకర్ నడిపేవాణ్ణి నేను, ట్యాంకుల సంగతి నాకు చెబుతావేంటి!” అని నవ్వాడు. నవ్వుతూ అంటాడు, ఎప్పుడూ. కసిరితే ఈపాటికి తిరగబడి ఉండేదాన్నేమో.

టెస్సాకి నాలుగేళ్ళప్పుడు, చేతులు కడుక్కుంటూ, “ఇవి అమ్మ నీళ్ళు” అంది. అందరం పడీ పడీ నవ్వాం. అప్పట్నుంచీ మా ఇంట్లో వేడీ కాని చల్లనా కాని ప్రతిదానికీ అదే పేరు. చల్లారిన టీ అమ్మ నీళ్ళు. ఉత్సాహం లేని ఆట అమ్మ నీళ్ళు. ఇప్పుడు దానికి పదహారు. “మా కోచ్ స్పీచు వట్టి అమ్మ నీళ్ళు,” అంటుంది. ఆ పేరు నాదని కూడా మర్చిపోయి అంటుంది.

మెరియానా నాలుగో ప్రశ్న దగ్గర పెన్ను ఆపి మెల్లగా అడిగింది. “ఆంటీ, ఏం రాయమంటారు?”

లిండ్సే నవ్వాడు. “చెప్పాంగదమ్మా. ఎన్నడూ లేదు.”

“అది వదిలెయ్ మెరియానా,” అన్నాను. “కాగితం ఇక్కడే ఉంచు. సంతకం చేయించి సోమవారం నేనే ఆఫీసుకి తెస్తాను.”

తను నా ముఖంలోకి చూసి, ఫారం బల్ల మీద పెట్టి బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్ళాను. అక్కడ నా భుజం మీద చెయ్యి వేసింది. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. అబద్ధమాడినందుకు కాదు, ఇన్నాళ్ళూ ఆ ఆడవాళ్ళని చూసి నవ్వినందుకు.

వెనక్కి వచ్చేసరికి అత్తగారు పాత రోజులు తవ్వుతోంది. “మా ఇంట్లో వారానికొక్క స్నానం, శనివారం. ఒకే తొట్టి, ఒకే నీళ్ళు. ముందు నాన్న, తర్వాత అన్నయ్యలు, తర్వాత మేం ఆడపిల్లలం, ఆఖరున అమ్మ. అప్పటికి ఆ నీళ్ళు ఎలా ఉండేవో చెప్పక్కర్లేదు. అమ్మ ఒక్కనాడూ నోరెత్తలేదు.”

“ఆవిడకి కోపం రాలేదా?” అడిగాను.

అత్తగారు కిటికీ వైపు తిరిగింది. “ఎవరడిగారే ఆవిణ్ణి?” అంది.

ఆ పొద్దున నేను ఇరవై ఆరు డిగ్రీల నీళ్ళలో స్నానం చేశాను. అంకె తెలిశాక ఆ నీళ్ళు ఇంకా చల్లగా ఉన్నాయి.

మర్నాడు ఆదివారం. ఏడు కొట్టగానే నా తువ్వాలు తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. షవర్ తిప్పి చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీశాను. అత్తగారికి రోజూ చన్నీళ్ళు కలిపి పోసేదాన్నే గానీ, అంత వేడి మా గోడల్లో ఉందని నాకు తెలియనే తెలియదు. షవర్ కిందికి వెళ్ళి నిలబడ్డాను. వీపు మీద వేడినీళ్ళు పడితే భుజాలు వాటంతటవే దిగిపోతాయని యాభై మూడో ఏట మళ్ళీ తెలిసింది. ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. ఇంత మామూలు సుఖమా ఇది? వీళ్ళందరికీ రోజూ దొరికేదేనా? పొద్దున్నే పాటలు పాడుతూ బయటికొస్తారే, ఎందుకో ఇప్పుడర్థమైంది.

తలుపు తట్టిన చప్పుడు. “గ్లెన్? లోపలున్నది నువ్వేనా? అమ్మ స్నానానికి ఎదురుచూస్తోంది.”

“వస్తున్నా, ఐదు నిమిషాలు.”

“ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది,” అన్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఆ మాట నిజం.

తర్వాత అత్తగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి స్నానం చేయించాను. రోజూ నేను వీపు మీద చెయ్యి వెయ్యగానే, “అబ్బా, మంచుగడ్డలే నీ చేతులు!” అని ఉలిక్కిపడుతుంది. నాకు రక్తం తక్కువని డాక్టరుతో కూడా చెప్పింది ఒకసారి. ఇవాళ సబ్బు రాస్తుంటే ఉలిక్కిపడలేదు. కాసేపయ్యాక నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు తడిమి, దాన్ని తన చెంపకి ఆనించుకుంది.

“ముందు నువ్వు చేసొచ్చావా?”

“అవునమ్మా.”

“ఊఁ,” అంది. ఇంకాసేపు ఆ చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత టెస్సా వెళ్ళింది. తలంటుకుంది, ఆదివారం కదా. తనని తొందరపెట్టలేదు. ‘నాన్న ఇంకా చెయ్యాలి, త్వరగా రా’ అని రోజూ తలుపు దగ్గర అరిచేదాన్ని నేనే. ఇవాళ వంటింట్లో టోస్టులు కాలుస్తూ ఊరుకున్నాను. తల తుడుచుకుంటూ అది బల్ల దగ్గరికి వచ్చింది. అత్తగారు కిటికీ దగ్గర ఎండలో కూర్చుంది. లిండ్సే ఈల వేసుకుంటూ లోపలికి వెళ్ళాడు. షవర్ చప్పుడైంది. ఈల ఆగిపోయింది.

“గ్లెన్!”

నేను టోస్టు మీద వెన్న రాస్తున్నాను.

“గ్లెన్! నీళ్ళు చల్లగా ఉన్నాయి! గీజర్‌కి ఏమైందో చూడు! వేడినీళ్ళు అయిపోయాయి!”

టెస్సా ఫక్కున నవ్వింది. “నాన్నకి ఇవాళ అమ్మ నీళ్ళు వచ్చాయి!”

అని, నవ్వడం ఆపేసింది. నా వైపు చూసింది. దాని ముఖం మెల్లగా ఎర్రబడింది. చేతిలోని టోస్టు కింద పెట్టి, “రోజూనా అమ్మా?” అంది.

“రోజూ,” అన్నాను.

లోపల్నుంచి లిండ్సే ఇంకా అరుస్తూనే ఉన్నాడు, వేడినీళ్ళు అయిపోయాయని, ఇంట్లో ఎవరికైనా వినిపిస్తోందా అని. నేను చేతులు తుడుచుకుని, బల్ల మీది ఫారం అతను కూర్చునే కుర్చీ ముందుకి జరిపి, పెన్ను మూత తీసి నాలుగో ప్రశ్న మీద పెట్టాను.