రెండో గీత

సత్తెమ్మ మూడు రోజులుగా బడి అరుగు మీదే కూర్చుంటోంది. మంగళవారం ఆమె కూతురు భూలక్ష్మిని, ఇంకో ఇద్దరు ఆడపిల్లలను ఈ బడిలోంచే ఎత్తుకుపోయారు. పదకొండున్నరకి జీపు ఆవరణలోకి వచ్చింది. ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్న నలుగురు దిగారు. ఇద్దరి చేతుల్లో తుపాకులున్నాయి. ముందు బల్ల మీది ముగ్గురు పిల్లలను లాక్కుని, రాళ్లగుట్టల మధ్యనుంచి రాయదుర్గం వైపు పోయారు. జైల్లో ఉన్న తమవాణ్ణి వదిలితేనే పిల్లలు తిరిగొస్తారని సాయంత్రం ఠాణాకు ఉత్తరం వచ్చింది.

అది మూడో తరగతి. పాఠం చెబుతున్నది పుణ్యవతి.

అంతకు రెండు వారాల ముందే ఆ జీపు ఊరి చుట్టూ తిరిగింది. తల్లులంతా ఠాణాకు పోయి మొత్తుకుంటే, బడి గేటు దగ్గర పది నుంచి నాలుగు దాకా ఒక కానిస్టేబులును కాపలా పెట్టారు. మంగళవారం అతను లేడు. ఎవరో పెద్దమనిషి కారు పెద్దరోడ్డు మీదుగా వస్తుందని, ఉన్న పోలీసులందరినీ రోడ్డు పొడవునా నిలబెట్టారు. ఆ కారు క్షణంలో దాటిపోయింది.

శుక్రవారం ఉదయం ఎస్సై పార్థసారథి వచ్చి హెడ్మాస్టరు యజ్ఞనారాయణ గదిలో కూర్చున్నాడు. వాంగ్మూలం తనే రాసుకొచ్చాడు. నాలుగింటికి బడి వదిలాక, ఇళ్లకు పోతున్న పిల్లలను దారిలో ఎవరో ఎక్కించుకుపోయారని అందులో ఉంది. పుణ్యవతి సంతకం చేస్తే చాలు.

పదకొండున్నర అని మొదటిరోజే చెప్పానని ఆమె అంది. అంత భయంలో గడియారం ఎవరికి గుర్తుంటుందని ఎస్సై మెత్తగా అన్నాడు. మిగతా పిల్లలూ చూశారని ఆమె అంటే, అంత చిన్నవాళ్ల మాట సాక్ష్యం కాదన్నాడు. తెరిచి ఉన్న హాజరుపట్టీ మీద వేలు పెట్టాడు. భూలక్ష్మి పేరుకెదురుగా మంగళవారం గడిలో రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉన్నాయి. ఒకటి పొద్దుటి హాజరు, రెండోది మధ్యాహ్నానిది.

"మధ్యాహ్నం పిల్ల ఉందని మీరే వేశారు కదండీ. పదకొండున్నరకే పోయిన పిల్ల రెండింటికి ఎలా పలికింది?"

ఆ బడిలో రెండో గీత కూడా పొద్దున్నే వేసేస్తారు. తిండికని ఇళ్లకు పోయిన పిల్లల్లో సగంమంది మేకల వెంట పోతారు, తిరిగి రారు. హాజరు తగ్గితే ఒక టీచరును తీసేస్తారు. తనిఖీకి ఎవరు ఏ వేళ వస్తారో తెలియదు. ఉద్యోగంలో చేరిన వారానికే యజ్ఞనారాయణ ఆమెకు ఈ పద్ధతి నేర్పాడు. పదకొండేళ్లుగా ఆమె చెయ్యి దానంతటదే వేస్తోంది.

గీత సంగతి బయటపెట్టవద్దని, దొంగ హాజరంటే ఉద్యోగం పోతుందని మంగళవారం సాయంత్రమే ఆయన హెచ్చరించాడు. ఆమె నోరు మూసుకుంది. ఇన్ని రోజులూ పోలీసులు నాలుగు గంటల జీపు కోసమే దారంతా అడుగుతున్నారు. చూసినవాళ్లు దొరకలేదు. ఎలా దొరుకుతారు? ఆ రోజూ గేటు దగ్గర పోలీసు ఉన్నాడనే ఠాణా పుస్తకంలో రాసుకున్నారు; నాలుగింటికైతే ఆ కాపలా కూడా ముగుస్తుంది. తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. భద్రత కట్టుదిట్టంగా ఉందని పొద్దున్నే రేడియో చెప్పింది. పుణ్యవతికి కోపం వచ్చింది. ఆ కోపంలో సగం తనమీదే.

సత్తెమ్మ ఎప్పుడు లేచిందో, గుమ్మంలో నిలబడి ఉంది.

"పంతులమ్మా, నా బిడ్డను బడిల ఇడిచిపోయిన," అంది. "తొవ్వల ఇడువలే."

బయట కూర్చోమని యజ్ఞనారాయణ కసిరాడు. ఆమె కదల్లేదు.

పుణ్యవతి ఎస్సై తెచ్చిన కాగితం తిప్పి వెనకవైపు రాసింది. రెండో గీత పొద్దున్నే వేశానని, అది తన తప్పని, పదకొండున్నరకి పిల్లలను తన గదిలోంచే లాక్కుపోయారని, గేటు దగ్గర ఉండాల్సిన పోలీసు లేడని రాసి సంతకం చేసింది.

"ఉద్యోగం పోతుంది, ఆలోచించుకోండమ్మా," అన్నాడు ఎస్సై.

"పోనివ్వండి. లేని పిల్లను ఉన్నట్టు రాశాను. లేని పోలీసును ఉన్నట్టు మీ పుస్తకంలో ఎవరు రాశారో, వాళ్ల ఉద్యోగం సంగతి కూడా ఆలోచించండి."

అలాంటి కాగితం తాను తీసుకోనన్నాడు. ఆమె మడిచి చేతిలో పెట్టుకుంది. తరగతికి పోలేదు. సత్తెమ్మను వెంటబెట్టుకుని ఎండలో రాయదుర్గం దారి పట్టింది.

గుట్ట మలుపులో రాళ్లు కొట్టే ఎల్లేశం సమ్మెట దించి పుణ్యవతి ప్రశ్న విన్నాడు. మంగళవారం, పన్నెండు లోపల, జీపు.

"సూసిన. లోపట పిల్లలు ఏడ్సుడు ఇనొచ్చింది. కోకాపేట దిక్కు మళ్లింది."

"పోలీసులకు చెప్పలేదా?"

"నాలుగింటికి సూసినవా అని అడిగిండ్రు, పంతులమ్మా. సూడలేదన్న. పన్నెండింటి ముచ్చట ఎవ్వలడిగిండ్రు?"

సత్తెమ్మ అప్పటికే కోకాపేట వైపు నడుస్తోంది. పుణ్యవతి బండ మీద కాగితం పరిచి, తన సంతకం కింద ఆ మాట కూడా రాసింది. ఎల్లేశం చేత వేలిముద్ర వేయించుకుని, సత్తెమ్మను అందుకోవడానికి పరుగెత్తింది.