ఆ నవ్వుకి తగిన మాట

ఆఫీసు మేడమ్ కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని ఎదురుచూస్తోంది.

"చెప్పు. నీకేమనిపించిందో ఒక్క ముక్కలో చెబితే ఇంగ్లీషులో నేను పెట్టేస్తాను. అప్‌సెట్ అని రాయనా?"

ఎదురుగా నిలబడ్డ ఆమెది పళ్ళ ల్యాబులో పని, పళ్ళకి తొడిగే పింగాణీ క్యాపులు చేయడం. ఒక తెలుపుకీ ఇంకో తెలుపుకీ మధ్య తేడా పట్టుకోవడమే ఆమె బతుకుతెరువు. తొందరపడి జవాబు చెప్పే అలవాటు పోయి చాలాకాలమైంది.

ల్యాబును కొన్న కంపెనీవాళ్ళు ఎక్కడో దూరంగా ఉంటారు. వాళ్ళకి తెలిసింది ఇంగ్లీషే. ఫిర్యాదు వస్తే ఏం జరిగిందో క్లుప్తంగా చెప్పి, మాట పడినవాళ్ళకి ఏమనిపించిందో చివర ఒక వాక్యంలో రాసి పంపాలి. ఆ చివరి వాక్యాన్ని బట్టే తర్వాతి సంగతి. అప్‌సెట్ అంటే ఓదార్చే మనిషి ఎవరో ఫోన్ చేస్తారు. అఫెండెడ్ అంటే ఇద్దరినీ కూర్చోబెట్టి చేతులు కలిపిస్తారు. ఇన్సల్టెడ్, హ్యుమిలియేటెడ్ లాంటి మాట పడితే మాత్రం బయటినుంచి మనుషులొచ్చి ల్యాబులో ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతారు. ఇదంతా మేడమే గొంతు తగ్గించి చెప్పింది.

"రేపు చెబుతాను మేడమ్."

"ఒక్క మాటకి రేపటిదాకానా? సరే, నీ ఇష్టం. కానీ నీ కాంట్రాక్టు పొడిగించాల్సింది ల్యాబు చీఫే, అది గుర్తుంచుకో. పైగా అక్కడ అందరూ చూశారు. నువ్వూ నవ్వావు."

కాంట్రాక్టు మాట చెవిని తాకి వెళ్ళిపోయింది. నవ్వావన్న మాట లోపల ముల్లులా దిగింది.

జరిగింది ఇంతే. పొద్దున్నే అందరూ పొడుగాటి బల్ల చుట్టూ నిలబడి ఆ రోజు పని పంచుకుంటారు. ఇవాళ ఆమె చేసిన క్యాపు ఒకటి, పక్కపళ్ళ రంగుకి షేడు కుదరలేదని క్లినిక్ నుంచి తిరిగొచ్చింది. చీఫ్ దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి చూపించాడు. "ఇది పన్నా, గోడకి కొట్టిన సున్నమా? ఈవిడ కళ్ళు ఓసారి ఊడదీసి కడగాలర్రా!" అన్నాడు. నవ్వారు. అక్కడితో ఆగితే ఆమె ఇంటికెళ్ళి మర్చిపోయేదే. ఆయన క్యాపును ఆమె చేతిలో పెట్టాడు. "ఏదీ, నీ పన్ను మీద పెట్టుకుని నవ్వు. అందరూ చూడాలిగా."

ఆమె పెట్టుకుంది. నవ్వింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మళ్ళీ నవ్వారు.

సాయంత్రం ఇంట్లో ఆడపడుచు ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆ అమ్మాయి కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెబుతుంది. అంతా విని, "అఫెండెడ్ అని పెట్టెయ్ వదినా. మర్యాదగా ఉంటుంది," అంది.

"అంటే?"

"అంటే అతను మర్యాద తప్పాడని నీకనిపించింది. నిజంగా తప్పాడో లేదో ఆ మాట తేల్చదు. అందుకే సారీ చెప్పేవాళ్ళకి అదంటే మహా ఇష్టం."

"హర్ట్ అయ్యానంటే?"

"అది మనవాళ్ళ మీద. అన్నయ్య నీ పుట్టినరోజు మర్చిపోతే హర్ట్. చీఫ్ వల్ల హర్ట్ అయ్యానని రాశావనుకో, ఆయనంటే నీకేదో ఉందనుకుంటారు."

"ఛీ, నోర్ముయ్."

"మనకి మాత్రం తక్కువున్నాయా? అలగడం ఉంది. కానీ అలిగితే బతిమాలేవాడుండాలి."

"ఉడుక్కోవడం?"

"పీక్‌డ్ అంటారు దాన్ని. ఆటలో ఓడిన పిల్లలా మూతి ముడవడం. రిజెంట్‌ఫుల్ అని ఇంకోటుంది. పైకి ఏమీ అనకుండా, లోపల పెట్టుకుని రోజూ నెమరేసుకోవడం. మా అమ్మ నీమీద ఉన్నట్టు."

ఇద్దరూ పకపకా నవ్వారు. ఆమెకి తన నవ్వే వింతగా వినిపించింది. ఇది ఎవరూ అడగకుండా వచ్చిన నవ్వు. లోపలినుంచి తన్నుకొచ్చింది. మరి పొద్దున బల్ల దగ్గర వచ్చింది ఎక్కణ్ణుంచి?

"హ్యుమిలియేటెడ్ అంటే?" అని అడిగింది.

ఆడపడుచు చేతిలో చొక్కా మడత సగంలో ఆగిపోయింది. "అది మాత్రం వద్దు వదినా. ఇన్సల్ట్ అంటే ఎవడో నోరుపారేసుకున్నాడు, నువ్వు నిటారుగానే ఉన్నావు. కావాలంటే నువ్వూ ఒకటి అనొచ్చు. ఇది అలా కాదు. నలుగురిలో నిన్ను కిందికి దింపారని. ఆ మాట రాస్తే ఆయన పరువు సంగతి తర్వాత. నేను దిగాను అని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నట్టు."

పొద్దుటినుంచి తనని వెనక్కి లాగుతున్నదేమిటో ఆమెకి ఇప్పుడు అర్థమైంది. కాంట్రాక్టు కాదు, చీఫ్ అంటే భయమూ కాదు. తన గురించి ఆ మాట తనే చెప్పుకోవలసి రావడం. అప్‌సెట్, అఫెండెడ్ అన్నవి మెత్తటి కుర్చీల్లాంటివి. వాటిలో కూర్చుంటే ఎవరూ లేవమనరు, తన లోపలి మనిషితో సహా.

మర్నాడు అందరికంటే ముందు ల్యాబుకి వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుంది. షేడు చూసేటప్పుడు ఒక పద్ధతుంది. తెలుపునే చూస్తూ కూర్చుంటే కాసేపటికి అన్ని తెలుపులూ ఒకటిగానే కనిపిస్తాయి. అప్పుడు కళ్ళు తిప్పి బూడిదరంగు అట్ట వంక చూడాలి. కళ్ళు తేరుకున్నాక మళ్ళీ చూస్తే తొలిచూపులో ఏది తోచిందో అదే షేడు. ఆ తర్వాత బుర్ర బేరాలు మొదలుపెడుతుంది.

మాటలన్నీ పక్కనపెట్టి ఆ తొలి క్షణంలోకి వెళ్ళింది. పెదవికి తగిలిన పింగాణీ చలువ. చెవుల్లో వేడి. పళ్ళు కనబడేలా సాగిన తన పెదాలు. ఆ తర్వాత, నిన్నటినుంచీ తను దాటేసి వస్తున్నది: నవ్వి, ఆ నవ్వు సరిపోయిందా లేదా అని చీఫ్ ముఖంలోకి చూసింది. ఆయన తలూపాకే క్యాపు కిందికి దించింది.

నొచ్చుకున్న మనిషి అలా చూడదు. కోపం వచ్చిన మనిషీ చూడదు. ఆ చూపుకి ఒక్క మాటే ఉంది. అది పలకడానికి సిగ్గుగా ఉంది. అయినా అదే.

మేడమ్ గదిలోకి వెళ్ళేసరికి చీఫ్ బల్ల అంచున కూర్చుని కాలు ఊపుతున్నాడు.

"ఏంటమ్మా, గోరంతది కొండంత చేస్తున్నావట? ఐ యామ్ సారీ ఇఫ్ యూ ఫెల్ట్ అఫెండెడ్. చాలా?"

"అఫెండ్ కాలేదు సార్."

"చూశారా మేడమ్! కాలేదంటోంది."

"హ్యుమిలియేటెడ్ అని రాయండి మేడమ్."

ఊగే కాలు ఆగింది. "అబ్బో! అంత పెద్ద మాటే? నువ్వు నవ్వావు కదమ్మా. నా కళ్ళారా చూశాను."

"చూశారు సార్. నేనూ మీ వంకే చూశాను, ఆ నవ్వు మీకు చాలిందా లేదా అని. షేడు తప్పయితే తప్పని చెప్పండి, మళ్ళీ చేస్తాను. కానీ నామీద నాచేతే నవ్వించారు. అఫెండెడ్ అంటే అందులో ఆ నవ్వు పట్టదు."

మేడమ్ కీబోర్డు వంక చూస్తూ, "బాగా ఆలోచించుకున్నావా? బయటివాళ్ళు వస్తారు. ఆ నవ్వు గురించి నిన్నే ముందు అడుగుతారు," అంది.

"అడగనివ్వండి. ముందు నేనే చెబుతాను. ఆ వాక్యంలో నవ్వానని కూడా పెట్టండి."

"నీ కాంట్రాక్టు సంగతి చూసుకో మరి," అన్నాడు చీఫ్. మేడమ్ చప్పున తలెత్తి ఆయన వంక చూసింది. ఆ మాట తనూ అన్నదే. ఇంకొకరి నోట వింటే వేరేగా ఉన్నట్టుంది. కిందికి చూసి టైపు చేయడం మొదలుపెట్టింది. రాసింది ఒకసారి చదివి వినిపించింది. ఆమె సరేనంది. మేడమ్ పంపించేసింది.

ఆమె బయటికి వచ్చి తన స్టూలు మీద కూర్చుంది. పక్క బల్ల దగ్గర పాలిషింగ్ చేసే పెద్దాయన మోటారు ఆపాడు. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడని ల్యాబులో అందరూ ఆయన్ని రేడియో అంటారు. ఆమె మాత్రం బాబాయ్ అంటుంది.

"ఏం రాయించావమ్మాయ్?"

చెప్పింది.

"మనకి ఆ ఇంగ్లీషు ఎక్కదుగానీ, తెలుగులో చెప్పు."

"అందరిలో కిందికి దింపి, దానికి నాచేతే నవ్వించాడని."

రేడియో కళ్ళజోడు తీసి గుడ్డతో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

"నేనూ నవ్వాను కదమ్మా."

"తెలుసు బాబాయ్."

"ఏదో... పక్కవాడు నవ్వితే మనమూ..."

"వాళ్ళొచ్చి అడిగినప్పుడు అది కూడా చెప్పు."

"చెప్పాలంటావా? ఈ వయసులో నన్ను ఇరికిస్తావా?"

ఆమె ఆయన ముఖం నుంచి చూపు తిప్పలేదు. బతిమాలనూ లేదు.

"చెప్పాలి," అంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "సరేలే, చెబుతా," అని గొణిగి మోటారు ఆన్ చేశాడు. చప్పుడులో ఇంకేదో అన్నాడు, అది ఆమెకి వినిపించలేదు. ఆ పూట చేయాల్సిన క్యాపు కోసం పొడి కలపడం మొదలుపెట్టింది.