మురికి వైపు

మూట విప్పుతుండగా మొగిలయ్య అరచేతిలో సూది దిగింది. ఆస్పత్రి సూది, అంతకుముందు ఏ రోగికి గుచ్చారో ఎవరికి తెలుసు! పల్చటి గ్లౌజు లోపల రక్తం నిండుతుంటే ఆయన చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. పక్కనే పనిచేస్తున్న పుష్పలీల పరుగెత్తుకొచ్చింది.

"కడుక్కుని పనిలోకి రమ్మను. మీవాళ్లకి ఇవన్నీ అలవాటేగా," అన్నాడు బాపురావు, తలుపు అవతలే నిలబడి.

గ్లాస్గోలో ఆస్పత్రుల బట్టలు ఉతికే ఆ ఫ్యాక్టరీకి తెలుగువాళ్లను సరఫరా చేసే కాంట్రాక్టర్ అతను. ఫ్యాక్టరీకి నడుమ గోడ. ఇటు రక్తం, చీము, మలం అంటిన బట్టలు ఏరే మురికి వైపు. అటు ఉతికినవాటిని ఇస్త్రీ చేసి మడతపెట్టే శుభ్రమైన వైపు. ఇటు అడుగుపెట్టినవాళ్లు షిఫ్టు అయ్యేదాకా అటు వెళ్లకూడదు. అది రోగుల క్షేమం కోసం పెట్టిన నియమం. ఎవరెటు ఉండాలన్నది మాత్రం బాపురావు నియమం. పనికోసం వచ్చినవాళ్లను ఆప్యాయంగా ఊరడుగుతాడు, ఇంటిపేరడుగుతాడు, అప్పటికీ అంతుబట్టకపోతే "ఇంతకీ మీరేవిట్లు?" అంటాడు. "మాదిగోళ్లం" అని పుష్పలీల తలెత్తి చెప్పింది. మర్నాడే రోటాలో, అంటే ఎవరికి ఏ పనో రాసే పట్టీలో, ఆమెకు మురికి వైపు పడింది. ఆమె ఎమ్మెస్సీ చదివితే అతనికేం, పాటలు కడితే అతనికేం? స్కాటిష్ మేనేజర్‌కు ఈ తేడాలేవీ తెలియవు. ఆయన దృష్టిలో వీళ్లంతా నోరెత్తని ఇండియన్లు. ఆ మాట చెప్పి వీళ్లను అమ్మింది కూడా బాపురావే.

"లే కాకా, ఆస్పత్రికి పోదాం," అంది పుష్పలీల.

"వెళ్తే రేపు రోటాలో పేరుండదు," అన్నాడు బాపురావు.

మొగిలయ్య వెళ్లాడు. అన్నట్టే పేరు తీసేశారు.

మర్నాడు భోజనాల వేళ. రెండు వైపులవాళ్లూ కలిసేది భోజనాల గది ఒక్కదానిలోనే, అక్కడా బల్లలు వేరు. పుష్పలీల శుభ్రమైన వైపువాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది.

"పాపం, అన్యాయమే," అంది గుంటూరు నుంచి వచ్చిన వరలక్ష్మి. "కానీ మేమేం చేశామమ్మా?"

"ఏం చెయ్యలే అక్కా. గదే లొల్లి. నాకు మీ పాపం వద్దు, రోటా కావాలె. అందరికీ తిరిగే రోటా. కాక పేరు మళ్ల ఎక్కాలె. దొడ్డు గ్లౌజులు కావాలె."

"ఇక్కడికొచ్చి కూడా కులం ఎత్తుతారేంటండీ?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"ఎత్తింది నేనా? మేము ముట్టరాని చేతులం, మీరు మడతపెట్టే చేతులు. గాయన అతికిచ్చిన పేర్లే గదా, ఎన్నొద్దులు మోద్దాం?"

గది భగ్గుమంది. ఒకరు వీసా అన్నారు, ఒకరు ఇంటికి కట్టాల్సిన కౌన్సిల్ ట్యాక్స్ అన్నారు, ఇంట్లో తెలిస్తే పరువేం కానని ఇంకొకరు. వరలక్ష్మికి మాత్రం ఇంకోటి గుర్తొచ్చింది. పాలిటెక్నిక్ పిల్లలకు యంత్రాలు నేర్పిన మనిషి ఆమె. ఇక్కడ ఇస్త్రీ రోలర్ మొరాయించినప్పుడు నేను చూస్తానంటే, ఆడవాళ్లకు మడతలు చాలని బాపురావు నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండింది.

"పద, నేనొస్తా," అని లేచింది.

తమ వైపుకు వెళ్లి, నడుస్తున్న రోలర్ ఆపేసి, గోడలోని తలుపు తోసుకుని మురికి వైపుకు వచ్చింది. వెనకే ఒకరు, ఆ వెనక ఇద్దరు, తర్వాత బల్ల బల్లంతా. కొందరు ముక్కు మూసుకునే వచ్చారు. అయినా వచ్చారు!

"ఇక ఇవాళ వెనక్కి రాలేరు, తెలుసా!" బాపురావు గొంతు చించుకున్నాడు.

"తెలిసే వచ్చాం," అంది వరలక్ష్మి.

రోలర్ల చప్పుడు ఆగేసరికి మేనేజర్ ఉరికొచ్చాడు. "మీ మనుషులే కదా, లోపలికెళ్లి మాట్లాడండి," అని బాపురావును పురమాయించాడు.

బాపురావు గడప దాకా వచ్చి ఆగాడు. లోపల విప్పిన మూటలు, వాటి చుట్టూ మనుషులు. పుష్పలీల ఒక జత గ్లౌజులు అతని వైపు చాపింది.

"రాండ్రి అంకుల్."

అతని కాలు కదల్లేదు. లోపలున్న ప్రతి ఒక్కరూ ఆ కాలునే చూశారు.

"ఎందుకు వెళ్లవు?" అన్నాడు మేనేజర్.

బాపురావు గడప దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నేను చెప్తాను," అంది పుష్పలీల ఇంగ్లీషులో. అందరూ జరిగి ఆమె పక్కన నిలబడ్డారు.